పదహారు పూటల లెక్క

మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది 2024 నవంబరు మొదటి వారంలో. అక్కని మా వైపు అప్ప అంటారు. "అప్పా, లీవులు మిగిలిపోయాయి. డిసెంబరు దాటితే మురిగిపోతాయి. క్రిస్మస్‌కి నలుగురం వచ్చేస్తాం. ఈసారి మాత్రం ఏ పట్నానికీ తీసుకెళ్లకు. ఊళ్లు చూపించు, సంతలు చూపించు, కొండలు చూపించు" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి పెన్ను కింద పెట్టి, "ఊళ్లు చూడ్డానికి ఎక్కడికో వెళ్లడం ఏటి మావయ్యా, మేం ఉన్నది అందులోనే కదా!" అంది.

గొడవంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

మేం రాయగడలో ఉంటాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కాబట్టి మాలాంటి కుటుంబాలు ఇక్కడ వీధి వీధికీ ఉన్నాయి. మా పిల్లలకి కొండ అంటే కిటికీ తీస్తే అడ్డంగా కనబడేది. వాళ్లకి కావలసింది భువనేశ్వర్. పెద్ద మాల్, కదిలే మెట్లు, మల్టీప్లెక్స్, బయట జూ. తమ్ముడి పిల్లలకి అవన్నీ రోజూ ఉండేవే. తొమ్మిదేళ్ల మేనల్లుడైతే ఫోన్ లాక్కుని, "అత్తా, మీ దగ్గర మేకలు రోడ్డు మీదే తిరుగుతాయా?" అని అడిగాడు. తిరుగుతాయి నాన్నా, మా ఇంటి మెట్ల మీద కూడా పడుకుంటాయి.

వీళ్లు చాలనట్టు మా నాన్న మూడో మాట అన్నారు. ఆయన హైదరాబాద్‌లో ఉండలేక మా దగ్గరే ఉంటున్నారు. "ఎలాగూ అందరూ తిరుగుతున్నారు కదా, నన్ను ఓసారి పర్లాకిమిడి తీసుకెళ్లండి" అన్నారు. ఆయన చదువుకున్నది అక్కడే. అది పట్నమా, పల్లెనా అంటే ఏదీ కాదు. మా ప్రయాణానికి దారిలో ఉందా అంటే అదీ లేదు.

నేను ఇక్కడో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. కాబట్టి ప్లాను వేసే పని నా నెత్తిన పడింది. తమ్ముడు వాళ్లు 24 రాత్రికి దిగుతారు. జనవరి 1 సాయంత్రానికి తిరుగు బండి ఎక్కాలి. అంటే నికరంగా ఎనిమిది రోజులు. గోడ మీద క్యాలెండరు దింపి నేల మీద పరిచాను. మొదట వేసిన ప్లాను ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పిల్లలు కొట్టుకోకుండా లడ్డూ విరిచినట్టు, నాలుగు రోజులు పట్నానికి, నాలుగు రోజులు పల్లెకి. అది కూడా వరసగా కాదు. ఒకళ్లు ముందు, ఒకళ్లు వెనక అంటే అలకలొస్తాయని రెండు రోజులు అటు, రెండు రోజులు ఇటు, మళ్లీ రెండు అటు, రెండు ఇటు. కాగితం మీద చూడ్డానికి ఎంత న్యాయంగా ఉందో!

మా ఆయన పేపరు మిల్లు నుంచి వచ్చి, టీ తాగుతూ దాన్ని చూశారు. ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లి, చింతపండు పిసికి గిన్నెలో ఉంచిన చింతపిక్కలు పట్టుకొచ్చి, పదహారు లెక్కపెట్టి ఒక్కో తేదీ మీద రెండేసి పెట్టారు. "రోజులు లెక్కేస్తే కుదరదు. పూటలు లెక్కెయ్యి. పొద్దున పూట ఒకటి, సాయంత్రం పూట ఒకటి. ఇప్పుడు దారిలో పోయే పూటలన్నీ తీసెయ్" అన్నారు. తీశాను. ఇక్కడి నుంచి భువనేశ్వర్‌కి, అక్కడి నుంచి కొరాపుట్‌కి, మళ్లీ పూరీకి, మళ్లీ వెనక్కి. పదహారింటిలో ఏడు పిక్కలు నా చేతిలోకి వచ్చేశాయి. సగానికి కాస్త తక్కువ సెలవు బండిలోనూ ప్లాట్‌ఫారం మీదా అయిపోయేదన్నమాట. అందరికీ సమానంగా పంచితే అందరికీ సమానంగా నడుంనొప్పి మిగిలేది.

ఆ చింతపిక్కలు నెల రోజులు ఆ క్యాలెండరు మీదే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు క్యాలెండరుని పళ్లెంలా ఎత్తి మంచం మీద పెట్టేదాన్ని.

రెండో ప్లానులో అటూ ఇటూ తిరగడం మానేసి, పల్లె అంతా ఒకవైపు, పట్నం అంతా ఒకవైపు పెట్టాను. మధ్యలో ఒక్క రాత్రి రైలు. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కొరాపుట్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి భువనేశ్వర్‌లో దింపుతుంది. రాత్రి ప్రయాణానికి పిక్క ఖర్చవదు. ఇంతవరకు బాగానే ఉంది. మరి ఏది ముందు? మా అమ్మాయి పట్నం ముందంది, తమ్ముడు పల్లె ముందన్నాడు. నాకు తెలిసిన ఏ లెక్కా దీన్ని తేల్చలేదు. తేల్చింది మా ఇంటికి కూరగాయలు తెచ్చే మావమ్మ. "బుధవారం చటికొన సంత కదా అమ్మా, పిల్లల్ని తీసుకెళ్లవా?" అంది. క్యాలెండరు చూశాను. డిసెంబరు 25 బుధవారం. ఇంకో బుధవారం జనవరి 1, ఆ రోజు తమ్ముడు వాళ్లు బండెక్కాలి. సంత చూడాలంటే ఉన్నది ఆ ఒక్క రోజే.

అప్పుడు అర్థమైంది. పల్లెకి మనకి తోచిన రోజు వెళ్తే ఊరు కనిపిస్తుంది గానీ, మనుషులు కనిపించరు. పొలాలకో అడవికో పోతారు. సంత రోజున చుట్టుపక్కల కొండ ఊళ్లన్నీ తామే దిగి వస్తాయి. కాబట్టి ముందు సంత రోజులు రాసుకోవాలి. చటికొనకి బుధవారం, మల్కన్‌గిరి వైపు ఒనుకుడెల్లికి గురువారం. పట్నానికి దీనికి తిరగేసిన లెక్క ఒకటుంది. అక్కడ మూసి ఉండే రోజులు రాసుకోవాలి. నందన్‌కానన్ జూ సోమవారం మూస్తారు. కోణార్క్ మ్యూజియం శుక్రవారం. నేను రెండో ప్లానులో జూని సరిగ్గా సోమవారం మీదే పెట్టాను! మా ఆయన మిల్లులో భువనేశ్వర్ ఆయన ఒకరు చెప్పకపోతే తొమ్మిది మందిమి వెళ్లి గేటు చూసి వచ్చేవాళ్లం.

ఒనుకుడెల్లి మాత్రం తీసేశాను. వరసగా బుధ, గురువారాలు రెండు సంతలూ కుదిరేవి, తమ్ముడు బాగా ఆశపడ్డాడు కూడా. కానీ అటూ ఇటూ దారిలోనే మూడు పూటలు పోతాయి. పైగా ఆ సంతకి వచ్చే బోండా గిరిజన ఆడవాళ్లని కెమెరాలతో వెంటబడి చూడ్డానికి వెళ్లేవాళ్ల గురించి ఇక్కడ మాకు మంచి అభిప్రాయం లేదు. మనం వెళ్లి ఆ గుంపులో చేరడం ఎందుకనిపించింది.

ఇక టికెట్లు. ఆ నవంబరు ఒకటో తారీఖు నుంచే రైలు టికెట్లు ముందుగా రిజర్వేషన్ చేసుకునే గడువు 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు. కాబట్టి ఇంకా సీట్లుంటాయని ధీమాగా కూర్చున్నాం. పాత లెక్కలో ఆగస్టు నుంచే జనం బుక్ చేసుకుని ఉన్నారని తట్టలేదు. తొమ్మిది మందిలో ఆరుగురికి బెర్తులు దొరికాయి, ముగ్గురికి ఆర్ఏసీ. "పిల్లలు సర్దుకుంటారులే" అనుకున్నాం. పిల్లలు ఎప్పుడూ సర్దుకోరు, సర్దుకునేది మనమే.

క్రిస్మస్ రోజు పొద్దున్నే చలిలో పన్నెండు సీట్ల బండిలో బయల్దేరాం. దారిలో మబ్బు కొండల నడుం దాకా దిగి ఉంది. చటికొన చేరేసరికి సంత అప్పుడే నిండుతోంది. అక్కడి గిరిజనులు, డోంగ్రియా కోంధులు, నియమగిరి కొండ మీంచి దిగుతున్నారు. ఒకరి వెనక ఒకరు, వరసగా, కావళ్లతో, తల మీద గంపలతో. 2013లో బాక్సైట్ తవ్వకం వద్దని ఈ కొండ మీద 12 ఊళ్ల గ్రామసభలు ఒక్కొక్కటిగా తీర్మానం చేశాయి. అది తమ్ముడికి టీవీలో చూసిన గుర్తు. "ఈ కొండేనా అది?" అని బండిలోంచే వంగి చూశాడు. ఈ కొండే. పసుపు, అల్లం, అరటి గెలలు ఇక్కణ్నుంచే మా రాయగడ బజారుకి వస్తాయి.

ఆడవాళ్ల జుట్టులో వరసగా పిన్నులు, ముక్కుకి మూడేసి పుడకలు, భుజం మీద కప్డాగండా శాలువా. తెల్ల గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టిన కోణాలు. ఆ కుట్టు ఈ ప్రాంతానిదేనని చెప్పే జీఐ గుర్తింపు 2024 జనవరిలోనే వచ్చింది. మా మరదలు ఫోన్ తీసి ఒకామె ఎదురుగా పెట్టింది. ఆమె ఏమీ అనలేదు, అరచెయ్యి మాత్రం ముఖానికి అడ్డంగా పెట్టుకుంది. చెయ్యి మీద పసుపు మట్టి ఎండి ఉంది. మా మరదలు సిగ్గుపడి ఫోన్ సంచిలో పడేసింది. మళ్లీ సాయంత్రం దాకా తియ్యలేదు. "వదినా, అడిగి ఉండాల్సింది" అని రెండు మూడు సార్లు అంది. ఆ తర్వాత ఆమె దగ్గరే కూర్చుని రెండు కుప్పలు అల్లం కొంది. అక్కడ కాటా లేదు. కుప్ప ఇరవై. పెద్ద కుప్ప కావాలంటే ఇంకో గుప్పెడు కలుపుతుంది, చిన్నది చాలంటే తీసేస్తుంది. మేనకోడలికి అది నచ్చింది. "బిల్లు లేదా అత్తా?" అంది.

మా ఆయనా తమ్ముడూ కాసేపు కనబడలేదు. చలికాలం జీలుగు కల్లు తియ్యగా ఉంటుందని ఇక్కడ అందరికీ తెలుసు. వచ్చాక ఇద్దరూ కాస్త ఎక్కువ నవ్వుతున్నారు. నేనేమీ అడగలేదు.

మా అబ్బాయి మాత్రం సంతకి బలవంతంగా వచ్చినట్టే మొహం పెట్టాడు. కానీ మేనల్లుడు ప్రతిదీ వాణ్నే అడుగుతున్నాడు. ఇదేంటి, ఆ ఆకులేంటి, ఆ డబ్బాతో ఏం కొలుస్తారు? "అవి అడ్డాకులు, విస్తళ్లు కుడతారు. అది అడ్డ, దాంతో కందులు కొలుస్తారు" అని చెప్పడం మొదలుపెట్టి, పది నిమిషాలకి వీడే ముందు నడుస్తున్నాడు. తనకి ఇన్ని తెలుసని వాడికీ తెలీదు.

మర్నాడు కొరాపుట్ వెళ్లాం. రాయగడ–కొరాపుట్ లైను అంతా సొరంగాలు, లోయల మీద వంతెనలు. పిల్లలు చీకటి వచ్చినప్పుడల్లా అరిచారు. పెద్దవాళ్లు ఊరుకోమన్నారు. మూడో సొరంగం నుంచి పెద్దవాళ్లు కూడా అరిచారు. కొరాపుట్ జగన్నాథుడి గుడి చూసుకుని, సెమిలిగుడ దాటాక ఉన్న చిన్న ఊరికి చేరాం. మా ఆయన పెద్దమ్మ కొడుకు సునాబేడ విమానాల ఇంజిన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. రెండెకరాల్లో కాఫీ మొక్కలు పెట్టుకుని అక్కడే ఉంటున్నాడు. రెండు రాత్రులు వాళ్లింట్లోనే.

ప్లానులో 27 పొద్దున దేవమాలి అని రాసుకున్నాం. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 1672 మీటర్లు. చీకటితోనే లేచి, ఉన్న స్వెట్టర్లన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని వెళ్లాం. నాన్న రానన్నారు. పైన గాలికి నిలబడలేకపోయాం. సూర్యోదయం అయిందని గడియారం చూసి తెలుసుకున్నాం, ఎందుకంటే చుట్టూ తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. మనిషి చేతికందే దూరంలో ఉన్నా కనబడడు. ఫోటోల్లో మేం తెల్లగోడ ముందు నిలబడ్డట్టు ఉంటాం. టీ కొట్టు దగ్గర వేళ్లు కాచుకుని వచ్చేశాం. అంతే దేవమాలి.

ఆ తర్వాత ఒకటిన్నర రోజు, అంటే మూడు పిక్కలు, నేను ఖాళీగా వదిలాను. నిజం చెప్పాలంటే వదల్లేదు. దుడుమా జలపాతం, కొలాబ్ రిజర్వాయరు, గుప్తేశ్వరం అని పెన్సిల్‌తో రాసి ఉంచాను. బావగారు వద్దన్నారు. "మూడూ మూడు దిక్కులు. ఇంటి దగ్గరే ఉండండి, నూర్పు ఉంది" అన్నారు.

ఆ నూర్పే మేనల్లుడికి ఈ సెలవంతట్లోకి పెద్ద సంగతి. ఇంటి వెనక పేడతో అలికిన కళ్లం. మధ్యలో గుంజ, దాని చుట్టూ మూడు ఎద్దులు పక్కపక్కన కట్టి తిప్పుతున్నారు. గుంజ దగ్గరి ఎద్దు ఉన్నచోటే తిరిగినట్టుంటుంది, చివరిది మాత్రం పరుగులాంటి నడక నడవాలి. వాడు అరగంట చూసి, "ఆ చివరిది ఎక్కువ కష్టపడుతోంది, మార్చరా?" అని అడిగాడు. తిప్పుతున్న కుర్రాడికి తెలుగు రాదు. మా అబ్బాయి ఒడియాలో చెప్పాడు. కుర్రాడు నవ్వి, కాసేపాగి నిజంగానే మార్చాడు. ఇక వాడి ఆనందం చూడాలి. ఎద్దులు పేడ వేసే టైముకి కింద పడకుండా గడ్డితో పట్టుకునే పని ఒకటుంటుంది. ఆ పని కూడా అడిగి మరీ చేశాడు. వాళ్లమ్మ అటు చూడకుండా కాఫీ తాగింది.

పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం కాలాజీరా బియ్యం అన్నం. వడ్లు చూస్తే జీలకర్రలా నల్లగా ఉంటాయి, వండితే వీధి చివరికి వాసనొస్తుంది. రాత్రి పొయ్యి చుట్టూ అనపకాయలు కాల్చుకుంటూ కూర్చున్నాం. మా అమ్మాయి ఒక్కతే సిగ్నల్ కోసం గోడెక్కి, దిగి, విసుక్కుని, చివరికి మేనకోడలి పక్కన దుప్పట్లో దూరింది. వాళ్లిద్దరూ అర్ధరాత్రి దాకా ఏం మాట్లాడుకున్నారో తెలీదు. తెల్లారి మాత్రం మా అమ్మాయి నాతో, "అమ్మా, వాళ్ల స్కూల్ బస్సు రానూ పోనూ రెండున్నర గంటలట" అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

రైల్లో రాత్రి సంగతి చెప్పను. ఆర్ఏసీ సీట్లో నేనూ మరదలూ ఎదురెదురుగా కాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. పిల్లలు నలుగురూ హాయిగా పడుకున్నారు.

భువనేశ్వర్‌లో దిగింది ఆదివారం. సోమవారం జూ మూసి ఉంటుంది కాబట్టి ఆదివారమే వెళ్లాలి, కానీ ఆ ఆదివారం మా తెలివి అందరికీ వచ్చింది. టికెట్ల లైను చూసి నాన్న చెట్టు కింద తువ్వాలు పరుచుకున్నారు. తెల్ల పులిని చూశాం, అది మమ్మల్ని చూడలేదు. మధ్యాహ్నానికి పిల్లలకి కాళ్లు నొప్పులు, ఆకలి, అలక.

సాయంత్రం మాల్. మా పిల్లలు నెల నుంచి ఎదురుచూస్తున్న పూట. లోపలికి అడుగు పెట్టగానే మేనల్లుడు, మేనకోడలు ఇద్దరూ ఒక బెంచీ చూసుకుని కూర్చున్నారు. "ఇది మా ఇంటి దగ్గర ఉన్నదే అత్తా. ఐస్‌క్రీం షాపు ఎడమవైపు ఉంటుంది చూడు" అన్నాడు వాడు. ఉంది. మా అబ్బాయి మొహం చిన్నబోయింది. నిన్నటిదాకా మేనల్లుడికి ఎద్దులు చూపించి గొప్పలు పోయినవాడికి ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదు.

అక్కడ చేసిన పనే ముందే చెయ్యాల్సింది. గుంపుని విడగొట్టాం. పట్నంలో అది కుదురుతుంది. ఆటోలుంటాయి, ఫోన్లు పలుకుతాయి, తప్పిపోయే భయం ఉండదు. మా పిల్లలిద్దరితో నేను మాల్‌లో ఉండిపోయాను. మిగతా వాళ్లు చీకటి పడకముందే ఖండగిరి, ఉదయగిరి గుహలకి వెళ్లారు. ఖారవేలుడి హాతిగుంఫా శాసనం ముందు నిలబడి నాన్న ఏదో పాఠం చెప్పారట, అక్కడి కోతి ఒకటి తమ్ముడి పల్లీల పొట్లం పట్టుకుపోయిందట. పిల్లలకి రెండోదే గుర్తుంది. మా అమ్మాయి కదిలే మెట్ల మీద మూడు సార్లు ఎక్కి దిగి, నాలుగోసారి నన్ను ఎక్కించింది. నేను అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఒక సినిమా, ఒక జత చెప్పులు, ఒక పిజ్జా. రాత్రి పదింటికి గదికి చేరాం. ఇంక చాలు అని దాని నోటితోనే వచ్చింది. ఒక్క పూటకే! నేను మొదట దానికోసం రెండు రోజులు రాసి ఉంచాను.

పట్నాన్ని అలా ముక్కలు చేసుకోవచ్చు. ఒక పూట మాల్, ఒక పూట గుడి, మధ్యలో ఎవరి దారి వారిది. సెమిలిగుడలో మాకు ఒక్క పూటే ఉండి ఉంటే దేవమాలి మంచు చూసి వెళ్లిపోయేవాళ్లం, ఎద్దుల్ని రోడ్డు మీంచి చూసేవాళ్లం.

సోమవారం కోణార్క్ మీదుగా పూరీ. కోణార్క్ రథచక్రం ముందు ఫోటో అందరూ తీయించుకున్నట్టే మేమూ తీయించుకున్నాం. మ్యూజియం కూడా తెరిచే ఉంది, ఎందుకంటే అది శుక్రవారం కాదు. ఈ మాట మా ఆయన టికెట్ కౌంటరు దగ్గర అందరికీ వినబడేలా అన్నారు.

అసలు ప్లానులో పూరీకి రెండు రాత్రులు. 30న ఒకటి, 31న ఒకటి. నవంబరులో ఫోన్ చేసినప్పుడు హోటల్ వాళ్లు గది 1800 అన్నారు. డిసెంబరు మధ్యలో మళ్లీ చేస్తే 30 రాత్రికి 2500, 31 రాత్రికి 5500 అన్నారు, పైగా భోజనం ప్యాకేజీ తప్పనిసరట. అడ్వాన్సు కట్టాం కదా అంటే "అది గదికి సార్, రేటుకి కాదు" అన్నాడు. ఆ వాక్యానికి అర్థం మా ఆయన ఇప్పటికీ వెతుకుతున్నారు. నాలుగు గదులు, ఒక్క రాత్రికి ఇరవై రెండు వేలు. సముద్రం ఒడ్డున అర్ధరాత్రి టపాకాయలు చూడ్డానికి!

ఆ రాత్రే నాన్న పర్లాకిమిడికి దక్కింది. అప్పటిదాకా ఆయన ఊరికి మా క్యాలెండరులో ఒక్క పిక్క కూడా లేదు. ఉన్న పిక్కలన్నీ పిల్లలు పంచుకున్నారు. ఆయన ఏమీ అనలేదు గానీ, రోజూ పొద్దున పేపరు చదువుతూ కాలి వేలితో ఆ క్యాలెండరుని ఒక అంగుళం జరిపేవారు. అదే ఆయన నిరసన అని నాకు తర్వాత తట్టింది. నేను పూరీ రెండో రాత్రి పిక్క తీసి 31 సాయంత్రం మీద పెట్టి, "పర్లాకిమిడి" అని రాశాను. ఆయన పేపరు కిందికి దించి, "ఒక్క పూటేనా?" అన్నారు.

"1 పొద్దున కూడా మీదే" అన్నాను. పేపరు మళ్లీ పైకి లేచింది.

31 తెల్లవారుజామున జగన్నాథుడి దర్శనం. ఆ జూన్ నుంచి నాలుగు ద్వారాలూ తెరిచారు గానీ, ఏడాది చివరి రోజు జనానికి నలభై ద్వారాలైనా చాలవు. ఆనందబజారులో మట్టికుండల్లో మహాప్రసాదం తిని, ఖాజాలు కట్టించుకుని, దక్షిణంగా పోయే బండెక్కాం. బాలుగాం దాటాక పట్టాల పక్కనే చిలికా. నేను సమయం చాలక ప్లానులోంచి కొట్టేసిన సరస్సు కిటికీలోకి వచ్చి పావుగంట సేపు మాతోపాటే నడిచింది. నీళ్ల మీద దూరంగా నల్లటి చుక్కల్లా పక్షులు. మా అబ్బాయి పరీక్ష పేపర్లో రాసినట్టు, "చలికాలం వలస వస్తాయి" అని చెప్పాడు. మేనల్లుడు లెక్కపెట్టడం మొదలుపెట్టి, రంభ స్టేషన్ వచ్చేసరికి మానేశాడు.

పలాసలో దిగి, జీడిపప్పు కొని, కారులో పర్లాకిమిడి చేరేసరికి రాత్రయింది. కొత్త సంవత్సరం వచ్చేసరికి ఎవ్వరూ మెలకువగా లేరు.

పొద్దున ఆరింటికే నాన్న షర్టు ఇస్త్రీ చేయించుకుని లాడ్జి మెట్ల మీద నిలబడ్డారు. గజపతుల కోట బయటి నుంచే చూపించారు. కాలేజీ గేటు దగ్గర ఆగారు. గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లోనే రాజావారి బడిలో పాఠాలు చెప్తూ, కొండల్లో తిరిగి సవర భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి పుస్తకాలు రాశారని పిల్లలకి చెప్పారు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం అంటామే, అది ఆయన పుట్టినరోజే అన్నారు. "మరి ఈ ఊరు ఒడిశాలో ఎందుకుంది తాతయ్యా?" అని మేనకోడలు అడిగింది. అది పెద్ద కథ. గజపతి మహారాజు ఒడిశా కోసం పోరాడినవారిలో ముందున్న మనిషి, 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధాని (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) కూడా అయ్యారు. అదంతా నాన్న టిఫిను కొట్టు ముందు నిలబడి చెప్పారు. ఇడ్లీలు చల్లారిపోయాయి. ఆఖరికి మహేంద్రతనయ ఒడ్డుకి తీసుకెళ్లి, అవతలి ఇళ్లు చూపించి, "అది పాతపట్నం. ఆంధ్రా. మేం ఇక్కడ తరగతి ఎగ్గొట్టి అక్కడ సినిమా చూసేవాళ్లం" అన్నారు. పిల్లలు నలుగురూ ఒకేసారి ఆయన వైపు తిరిగారు. అప్పటిదాకా చెప్పిన చరిత్ర అంతా ఏమైపోయిందో గానీ, ఆ తర్వాత గంట సేపు ఆయన వదిలించుకుంటే వదల్లేదు.

మధ్యాహ్నం తమ్ముడు వాళ్లు ఆమదాలవలస స్టేషనుకి కారెక్కారు. మేం గుణుపూర్ మీదుగా ఇంటికి వచ్చేశాం. మా అమ్మాయి దారిలో కొత్త చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది, కరిచాయట.

2025లో తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. "అప్పా, చూశాను. వచ్చే క్రిస్మస్ గురువారం పడింది. గురువారం ఏ సంత అన్నావు?" అన్నాడు. ఒనుకుడెల్లి అని, అది ఎందుకు వద్దో మళ్లీ మొదటి నుంచి చెప్తున్నాను. వెనక గదిలోంచి మా అమ్మాయి గట్టిగా అరిచింది: "సంత తర్వాత, ముందు ఆ వారంలో సోమవారం ఎక్కడుందో చూడమను!"